నాలుగు చిన్న ప్రాణులు



ఈ మాసము మీతో నాలుగు అల్పప్రాణులను గూర్చి ముచ్చటింపదలచితిని. అవి చీమ, కుందేలు, మిడుత, బల్లి. చీమను చూడని యిల్లాలును, బల్లిని తిట్టని యిల్లాలును ఉండరు. మిడుతను పెరటిలో నెన్నడైన చూచియే యుందురు. కుందేలు మాత్రము నన్ను ఏడాదిన్నర కాలము తిప్పలు పెట్టినది. నిజమునకు ఈ వ్రాత యంతయు ఆ కుందేలును గూర్చియే. తక్కిన మూడును దానివెంట వచ్చినవి.

క్రైస్తవుల పరిశుద్ధగ్రంథములో సామెతలను భాగ మొకటి కలదు. అందు పెద్దపాలు సొలొమోను రాజు పేర చెల్లుచున్నది. ముప్పదవ అధ్యాయము మాత్రము ఆగూరు అను నతని పలుకులు. ఆగూరు తనకు వివేకము చాలదని చెప్పుకొనుచునే మాట మొదలిడును. అట్టివాడు, లోకములో మిక్కిలి చిన్నవయ్యును మిక్కిలి తెలివిగలవి నాలుగు కలవని చెప్పి, ఎండకాలముననే తిండి కూర్చుకొను చీమను, రాతిసందులలో కాపురముండు కుందేలును, రాజు లేకయే బారులుదీరి నడచు మిడుతను, పిడికిట పట్టదగినదైనను రాజమందిరములలో తిరుగు బల్లిని పేర్కొనెను. సింహమును చెప్పలేదు, ఏనుగును చెప్పలేదు. బలము లేనివానినే యేరి చూపెను.

నాకు మా తాతగారు ఇంటనే భారత భాగవతములు చెప్పిరి. బడిలో కూర్చున్నది స్వల్పము. కావున ఈ నాలుగు ప్రాణుల మాట తొలుత వినగానే నా మనసునకు వచ్చినది భాగవత ఏకాదశ స్కంధములోని అవధూత. అతడు యదురాజునకు తన యిరువదినలుగురు గురువులను చెప్పెను గదా! అందు పావురము, కొండచిలువ, మిడుతయను శలభము, తేనెటీగ, లేడి, చేప, సాలెపురుగు ఉన్నవి. చీమ లేదు. ఎందుకు లేదా యని నేను చాలనాళ్లు ఆలోచించితిని. తేనెటీగ కూడబెట్టి చెడినదనియు, కూడబెట్టరాదనియు అవధూత నేర్చెను. చీమనుండి అట్టి పాఠము రాదు. అవధూతకు బిడ్డలు లేరు, వానకాలమున పొయ్యి వెలిగింప నక్కరయు లేదు. ఆగూరు మాట గృహస్థుల మాట. ఈ యేకాదశ స్కంధమును తెనిగించినది పోతనగారు గాక ఆయన శిష్యుడు వెలిగందల నారయ యని మీలో చదువరులకు తెలిసినదే. పోతనగారి యింటిపేరు గల బమ్మెర గ్రామము మాకు దగ్గరనే యున్నది, పాలకుర్తి మండలమున.

మాకు అని వ్రాసితిని గాని, మాకు ఊరు నిలుకడ లేదు. మా యింటివారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. నేను కాపురమునకు వచ్చినది భూపాలపల్లికి. 2022లో ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచినప్పుడు మహబూబాబాదు వచ్చినది. దానిని అచ్చటి పెద్దలిప్పటికిని మానుకోట యనియే పిలుతురు. తరువాత పరస్పర బదిలీపై జనగామ చేరితిమి. 2016కు ముందు ఈ మూడు పట్టణములును ఒక్క వరంగల్లు జిల్లాలోనివే. సామాను మూటగట్టుకొనునప్పుడు మాత్రము అవి యొక జిల్లాలోనివిగా తోచవు.

మానుకోటలో మేమద్దెకున్న యింటి ప్రక్కసందులో ఒక అవ్వ యుండెడిది. డోర్నకలు ప్రాంతపు పల్లెలో, ఊరి వెలుపలి వాడలో పుట్టినది. చిన్ననాట మేకలు కాచినది. పెండ్లియైన పిమ్మట సంఘమువారి రాత్రిబడిలో అక్షరములు కూడబలుకుకొన్నది. నేనెరుగునాటికి కన్నులకు పొర వచ్చి, తన గ్రంథమును తాను చదువుకొనలేకుండెను. సాయంకాలము దీపము పెట్టిన వెనుక నాచేత చదివించుకొనెడిది. నాకును అది వేడుకగానే యుండెను. పాత అచ్చు, పాత వాక్యము. "గలవాడు, యుండును" అను నా తెలుగు నా చెవికి పుట్టినింటి మాటవలె నుండెను.

ఒకనాడు ఆగూరు వంతు వచ్చినది. తెలుగు గ్రంథమున రెండవ ప్రాణి పేరు "చిన్న కుందేళ్లు" అని యున్నది. నేను చదివి ముందుకు పోబోతిని. అవ్వ చేయెత్తి ఆపెను.

"పంతులమ్మా, జర ఆగు. గీ కుందేలు బండసందుల ఎట్లుంటది? నేను పదేండ్లు మేకలు గాసిన. చెవులపిల్లి పొదకింద గడ్డిల ఇంత గుంతజేసుకొని పంటది. కుక్క ఎంటబడితే ఉరుకుతది గని బండల్ల దూరది. బండల్ల దూరేది ఉడుము."

నేను నవ్వి, కవులట్లే వ్రాయుదురనియు, చకోరము వెన్నెల త్రాగునని వ్రాయలేదా యనియు చెప్పితిని.

"కవులు మేకలు గాయలె గద బిడ్డా," అని యామె యూరకుండెను.

ఆ రాత్రి నాకు కొంచెము కోపము వచ్చినమాట దాచను. అచ్చుపడిన గ్రంథము, అందును వారు దేవుని మాటగా కొలుచు గ్రంథము తప్పగునా? మేకలు కాచిన యొక ముదుసలి తప్పగునా? రెండవదే సులువుగా తోచినది. అయినను ఆమె మాట మనసున ముల్లువలె నిలిచినది. ఆమె చెప్పినది నిజమే. మన పొలములలోని కుందేలు బొరియ త్రవ్వదు, రాతిని ఆశ్రయింపదు. పొదచాటున నేలనదిమి పండుకొనును.

కుందేలును అక్కడ నుంచి చీమకడకు పోవుదము. జనగామ చుట్టును వానలు తక్కువ, ఎర్రచెలక నేలలు. మేమిచ్చటికి వచ్చిన యేడు తొలకరి వాన వెలిసిన మరునాడు పెరటిలో ఒక వింత చూచితిని. నేలలోని రంధ్రము చుట్టును గడ్డిగింజలు పరచినట్లున్నవి. చీమలు లోపలినుండి మరికొన్ని మోసికొని వచ్చుచున్నవి. మొదట, గింజలు లోపలికి గదా పోవలెను, ఇవి బయటికి తెచ్చుచున్నవేమి యనుకొంటిని. మధ్యాహ్నమునకు తెలిసినది: ఎండబెట్టుచున్నవి! తడిసిన గింజ మొలకెత్తునని వానికి తెలియును. నేనును ఆ గడియలోనే బియ్యమునకు చెమ్మ తగిలినదని చాపమీద ఆరబోసి యుంటిని. అంతకు నాలుగు దినములు ముందు, వంటయింట జొన్నలకు చీమ పట్టినదని, ఆ బారు వెంబడి చీమలమందు చల్లినదియు నేనే.

యూరపు పండితులు కొందరు చాలకాలము ఈ సొలొమోను, ఆగూరుల మాటను నమ్మలేదు. వారి చలిదేశములలోని చీమలు గింజలు దాచవు. చీమలు తమ గూళ్లను, అనగా పిల్లలున్న తెల్లని గుళ్లను మోసికొనుచుండగా చూచి, పూర్వులు వడ్లగింజలని భ్రమపడిరని వారు వాదించిరి. అంతలో మన దేశముననే పూనాలో నుండిన కర్నలు సైక్సు, చీమలు వాన వెలిసిన పిమ్మట గడ్డిగింజలను ఎండకు తెచ్చుట కన్నులార చూచి వ్రాసెను. నెల్లూరులో వైద్యుడుగా నుండిన జెర్డను 1851లో దక్షిణ హిందూదేశపు చీమల పట్టిక ప్రకటించెను. తుదకు మొగ్రిడ్జి అను నతడు మధ్యధరా సముద్రతీరమున చీమల కొట్టులను త్రవ్వి చూచి 1873లో పుస్తకము వ్రాసిన వెనుకగాని వాదము అణగలేదు. మన పల్లెలో ఏ పిల్లనడిగినను నిమిషములో తీరిపోవు వ్యాజ్యెము!

ఇంకొక్క మాట. చీమలలో పనిచేయునవన్నియు ఆడువియే. హెబ్రీ భాషలో చీమ పేరు స్త్రీలింగమేనట. మగచీమలు ఏటికొకతరి రెక్కలు వచ్చి ఎగిరి, కొలదికాలములో చచ్చును. దీనినుండి నేనేమియు తీయబోవుట లేదు. మా యింటివారు ఈ పత్రికను చదువుదురు.

మిడుతను తలచునప్పు డెల్ల నాకు 2020 భూపాలపల్లి కన్నుల కట్టును. ఆ వేసవిని మే మాసమున ఎడారిమిడుతల దండు మహారాష్ట్రమువరకు వచ్చినది. మన ప్రభుత్వము గోదావరి పొడవున నున్న సరిహద్దు జిల్లాలను హెచ్చరించినది, భూపాలపల్లి అందొకటి. మందులు సిద్ధపరచిరి, పళ్లెములు మ్రోయింపుడని చెప్పిరి. ఒక్క చదరపు కిలోమీటరు దండులో 4 కోట్లనుండి 8 కోట్లవరకు మిడుతలుండుననియు, అవి దినమునకు 35,000 మంది మనుష్యుల తిండి తినుననియు విని మా వాడవా రందరును ఆకాశమువంకనే చూచుచుండిరి. మా వీధికి మిడుత రాలేదు.

అంతకు ముందు నెలలోనే మా వీధికి వేరొకరు వచ్చిరి. కరోనా వ్యాధిచే బండ్లు, బస్సులు, పనులు నిలిచిపోయిన దినములు. మిరపకోతకని గోదావరి యావలినుండి వచ్చిన ఆదివాసి కూలీలు పని లేక, కూలి లేక, అడవిదారుల వెంట తమ దేశమునకు నడచి పోవుచుండిరి. ఒక యుదయమున ఒక గుంపు మా వాకిటి ముందర నిలిచినది. ముప్పదిమంది యుందురు. నీళ్లడిగిరి. నాకు భయమేసినది, చంటిబిడ్డ యింటనున్నాడు. నిండుబిందెను గడపకవతల పెట్టి తలుపు వేసికొని కిటికీలోనుండి చూచితిని. వారిలో పెద్ద యనదగినవా డెవ్వడును కనబడలేదు, ఒకరి నొకరు ఆజ్ఞాపించుటయు వినబడలేదు. తమంతట తామే వరుస కట్టిరి. పిల్లలు ముందు త్రాగిరి, తరువాత ఆడువారు, కడపట మగవారు. చివరివాడు బిందె తొలిచి బోర్లించి నమస్కరించి పోయెను. ఆ బిందెను నేను మూడు దినములు లోపలికి తేలేదు.

పంట తిను పురుగుతో ఆకలిగొన్న మనుష్యులను పోల్చుట నా ఉద్దేశము కాదు, అట్లు పోల్చిన నోరు పడిపోవును. ఆగూరు మాటలో రాజు లేని వరుస యన్నప్పుడు నా కన్నులకు కనబడునది ఆ వరుస యని మాత్రము చెప్పుచున్నాను. మిడుతల సంగతి విచారించిన అది వేరుగా నున్నది. ఒంటిగా నున్నప్పుడు మిడుత సాధుజీవి. పచ్చగా, తన పాటికి తాను బ్రతుకును. గ్రాసము తరిగి అన్నియు నొకచోట చేరి, కాలు కాలు రాచుకొన్నప్పుడు దాని రంగును నడతయు మారిపోవును. అవి రెండు జాతులు కావు, ఒక్కదానికే రెండు రూపములని ఉవారోవు అను రుష్యా పండితుడు 1921లో తేల్చెను. ఇటీవలి శాస్త్రజ్ఞులు ఇంకొక విషయము కనుగొనిరి: రెక్కలు రాని పిల్లమిడుతలు బారులుదీరి ముందునకు సాగుటకు, వెనుకనున్నది ఆకలిచే తన్ను కొరుకునను భయము కారణమట. దూరమునుండి చూచిన ఆగూరునకు అది ఐకమత్యముగా తోచినది. దగ్గరనుండి చూచినవారికి ఇట్లు కనబడినది. ఆగూరునందు నాకు గౌరవమే గాని, ఈ మిడుతకడ నేనాయనతో పూర్తిగా ఏకీభవింపజాలను. ఆ కూలీల వరుసలో ముందున్న పిల్లలను ఎవరును కొరుకుటలేదు.

ఇక బల్లి. 1611 నాటి ఆంగ్లానువాదమున ఈ తావున సాలెపురుగని యున్నది. మన తెలుగువారు బల్లియనిరి. ఇటీవలి ఆంగ్లపండితులును బల్లియనియే దిద్దుకొనిరి. తెలుగువారికి బల్లి విషయమున పొరపాటు రాదు. పంచాంగమున బల్లిపాటు ఫలములకు పుటలు కేటాయించిన జాతి మనది. కంచి వరదరాజస్వామి కోవెలలో బంగారుబల్లిని తాకి వచ్చినవారి చేయి మరల మనము తాకుదుము. బల్లి అద్దమువంటి గోడపై ఎట్లు నిలుచునో మీరెరుగుదురా? కాలిక్రింద గాలి పీల్చుకొనునని పూర్వము తలచిరి. కాదట. వ్రేళ్ల క్రింద కంటికి కనబడని లక్షల రోమములున్నవి, ఒక్కొక్కటి తుదిని మరల చీలియుండును. ఆ కొనలు గోడను అంత దగ్గరగా తాకుటచే పదార్థమునకు పదార్థమునకు నుండు స్వల్పమగు ఆకర్షణయే దానిని నిలుపును. ఇది ఇటీవలగాని తేలలేదు. జిగురు లేదు, గోరును గ్రుచ్చుట లేదు.

ఈ బల్లిని నేను మరచిపోలేనిచోట చూచితిని. 2023లో కోతపండుగకు అవ్వ నన్ను డోర్నకలు పెద్దగుడికి తీసికొని పోయెను. మానుకోటనుండి రైలులో దగ్గరే. నేను పోవచ్చునా యని సందేహించితిని. మా యింటివారే పోయిరమ్మనిరి. ఆ గుడిని గూర్చి మీకు రెండు మాటలు చెప్పవలెను. తిరునెల్వేలి దేశమునుండి 1909లో డోర్నకలునకు వచ్చిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయనయే. ఆయన సంఘములోనివారు చాలవరకు మాలమాదిగ పల్లెల కూలీలు. వారి కొరకు ఆయన కట్టించిన ఈ గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. 1945 జనవరి 1న ఆయన గతించిరి. గుడి విలాయతి కట్టడమువలె నుండదు. మన దేవాలయపు స్తంభములును, తురుష్కుల గుమ్మటములును కలిసి యుండును.

కోతపండుగ యన, పండిన దానిలో తొలిపాలు తెచ్చి గుడిలో పెట్టుదురు. వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు! ఆ సందడిలో అవ్వ నా మోచేయి పట్టుకొని స్తంభముపైకి చూపెను. అచ్చట ఒక బల్లి. ఆమెకు కన్ను సరిగా కనబడదు. ఉండునని తెలిసి చూపినది.

"మా నాయన ఒకపారి మా ఊరి గుడి అరుగు మీద వానకు నిలబడ్డడని దెబ్బలు దిన్నడు బిడ్డా. నేను చిన్నదాన్ని. పెండ్లయి గీ గుడిలకు మొదటిపారి వచ్చిననాడు మీదికి జూస్తే బల్లి. నువ్వెట్లొచ్చినవే అని దాన్ని అడిగి నవ్వుకున్న. అయ్యగారు అప్పుడే గా మాట సదువుతున్నడు."

నాకు బదులు తోచలేదు. మా పుట్టినింటి యూరిలోను గుడి యున్నది, దానికి అరుగున్నది.

ప్రార్థన ముగిసిన వెనుక అవ్వ ఊరకుండలేదు. నన్ను ఒక వృద్ధ గురువుగారి కడకు తీసికొని పోయి, "అయ్యగారూ, మా పంతులమ్మ సదువుకున్నది, ఆమె అడుగుతది," అని తన ప్రశ్నను నా నోట పెట్టినది. నేను సిగ్గుతో కుందేలు సంగతి యడిగితిని. ఆయన సంతోషించి లోపలినుండి ఒక లావుపాటి యాంగ్ల నిఘంటువు తెచ్చి బొమ్మ చూపిరి.

హెబ్రీ మూలములో ఆ ప్రాణి పేరు షాఫాను. అది కుందేలు కానేకాదు. పిల్లియంతటిది, తోక లేదు, చెవులు చిన్నవి, గుండ్రనివి. సిరియా, పాలెస్తీను, అరేబియా దేశముల కొండలలోను ఆఫ్రికాలోను గుంపులుగా నుండును. మన దేశమున లేదు. ఉత్తరదేశములలో గ్రంథమును అనువదించినవారు ఆ జంతువును చూచియుండలేదు. జర్మను భాషలో లూథరు దానిని కుందేలుజాతి దనెను, ఆంగ్లేయులును అట్లే యనిరి. మన తెలుగులోను అది చిన్న కుందేలైనది. ఎలుకను పోలియుండును గాని దానికి దగ్గరి చుట్టము ఏనుగట! అవ్వ ఆ మాటకు నోటికి కొంగు అడ్డము పెట్టుకొనెను. దాని పాదములు మెత్తగా చెమ్మగా నుండి నున్నని రాతిని పట్టుకొనును గాని నేలను త్రవ్వుటకు పనికిరావు. బొరియ చేసికొనజాలదు, పరుగులో కుందేలునకు సాటిరాదు, పోరాడలేదు. కావున తాను చేయని, తాను చెరుపలేని బండసందును చూచుకొని అందు చేరును. ఎండలో మేయునప్పుడు ఒకటి యెత్తున కూర్చుండి కావలి కాయును. గ్రద్ద కనబడినచో కూతపెట్టును, తక్కినవన్నియు సందున దూరును.

ఊరూరు తిరిగి, ఒక్క సొంత గోడ లేక, మూడవమారు సామాను కట్టుటకు సిద్ధముగా నుండిన నాకు ఆ చెమ్మపాదముల మాట యెట్లు తగిలినదో మీరు ఊహింపవచ్చును. అవ్వకు మాత్రము అది పట్టలేదు. ఆమె గురువుగారిని అడిగినది ఒక్కటే ప్రశ్న.

"చెవులు చిన్నయే గద?"

"చిన్నవే," అనిరి ఆయన.

"నేను జెప్పలే!" అని నావంక తిరిగెను. డెబ్బదియేండ్లు దాటిన ఆ మొగమున మేకలు కాచు పిల్ల కనబడినది. నా చకోరమును, నా కవిసమయమును నేనే మ్రింగికొంటిని. గ్రంథము తప్పలేదు, అవ్వయు తప్పలేదు. నడుమ అనువదించినవారి చేతిలో ప్రాణి మారినది. తప్పినదాన నేనొక్కతెనే. ఆమె కన్నులతో చూచినదానిని నేను అచ్చు చూచి కాదంటిని.

మరునాడు సాయంకాలము దీపము పెట్టినపిమ్మట ఆమె గ్రంథమును నాకిచ్చి, ఆ పుట తీయుమనెను. ప్రక్కన ఖాళీలో అసలు పేరు వ్రాయుమనెను. వేదగ్రంథమున నేను వ్రాయుటయా యని వెనుదీసితిని. "పెన్సిలుతోటి రాయి, ఏం గాదు," అనెను. "షాఫాను. బండసందులలో నుండు చిన్న జంతువు. మన దేశమున లేదు" అని సన్నని అక్షరములతో వ్రాసి చదివి వినిపించితిని. ఆమె తలయూపి, ఇంకొకమారు చదివించుకొని, కొంచెము సేపాలోచించినది.

"చెవులపిల్లి గాదు అని గూడ రాయి," అనెను.

వ్రాసితిని.